గెలిచేవాడు బ్రేకు దగ్గర తెలుస్తాడు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు జరిగింది. గెలిచింది ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్. వెనకాలే తరుముతున్న నిక్ క్యాసిడీ కంటే అతని బ్యాటరీలో తక్కువ మిగిలింది. అయినా చివరిదాకా దారి వదల్లేదు. ఈ ఎలక్ట్రిక్ కార్లను మొదటి నుంచీ పూర్తి వేగంతో తోలితే ఛార్జి రేసు ముగియకముందే అయిపోతుంది. మలుపు రాకముందే కాలు తీయాలి, బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటును మళ్లీ బ్యాటరీలోకి పట్టుకోవాలి. ఎక్కడ తొక్కాలో అందరికీ తెలుసు. ఎక్కడ తగ్గాలో తెలిసినవాడికే కప్పు.

దీనికీ కాజీపేటకూ ఏమిటి సంబంధం అంటారా? గల్లీ సమస్య భుజాన వేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే ప్రతివాళ్లకూ ఉంది.

మన కోచ్ ఫ్యాక్టరీ సంగతే చూడండి. 1980ల మొదట్లో కాజీపేటకు అనుకున్నది పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. 1985లో అక్కడ పునాదిరాయి పడింది. 2014 విభజన చట్టం 13వ షెడ్యూలులో తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ సాధ్యమేమో చూడాలని రాశారు. చివరికి 2023 జులై 8న ప్రధాని వరంగల్ వచ్చి రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. పని అయోధ్యాపురం దగ్గర మొదలైంది. అడిగింది ఇదేనా అన్న వాదన తర్వాత కూడా నడిచింది, అది వేరే కథ. తాతలు ఎత్తిన డిమాండు మనవళ్ల చేతికి వచ్చేదాకా ఆరిపోలేదు, నాకు ముఖ్యం అదే. నలభై ఏళ్లు రోజూ రోడ్డెక్కడం ఎవరి వల్లా కాదు. బడ్జెట్ ముందో ఎన్నికల ముందో గొంతు పెంచాలి, మిగతా రోజుల్లో ఫైలు చల్లారకుండా చూసుకోవాలి.

మనం చేసేది దీనికి తలకిందులు. మొదటి వారం వాట్సాప్ గ్రూపు, రెండో వారం ధర్నా. మూడో వారానికి గ్రూపులో గుడ్ మార్నింగ్ మెసేజీలు తప్ప ఏమీ మిగలవు.

ఫార్ములా వన్ రేసులో పిట్ స్టాప్ చూశారా? 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ జట్టు నాలుగు టైర్లూ 1.80 సెకన్లలో మార్చింది. కారు చుట్టూ ఇరవై మంది దాకా ఉంటారు. ఒక్కొక్కరికి ఒక్కటే పని. వాళ్ల పేర్లు మనకు తెలియవు. సోమవారం ప్రజావాణికి వెళ్లే మన గుంపులో మాత్రం అందరూ మాట్లాడేవాళ్లే. ఉదాహరణకు రైల్వే గోడ పక్కన డ్రైనేజీ పొంగుతోందనుకోండి. కార్పొరేషన్‌వాళ్లు స్థలం రైల్వేది అంటారు, రైల్వేవాళ్లు నీళ్లు కాలనీవి అంటారు. కాబట్టి సర్వే నంబరు తెలిసినవాళ్లు ఒకరు, మాట్లాడేవాళ్లు ఒకరు, పాత వినతిపత్రాల జిరాక్సులు పట్టుకునేవాళ్లు ఒకరు ఉండాలి. ఇన్‌వార్డులో ఇచ్చి మన కాపీ మీద సీలు, తేదీ వేయించుకునేవాళ్లు ఇంకొకరు. నన్నడిగితే అందరిలో గట్టి మనిషిని ఈ సీలు పనికే పెట్టాలి. ఆరు నెలల తర్వాత అధికారి బదిలీ అయి కొత్తవాళ్లు వచ్చినప్పుడు ఉపన్యాసం ఎవరికీ గుర్తుండదు, సీలు పడ్డ కాగితం మాట్లాడుతుంది.

హైదరాబాద్ రేసు ఇంకో రెండు ముచ్చట్లు చెప్పింది. పోల్ పొజిషన్ నుంచి బయల్దేరిన మిచ్ ఎవాన్స్‌ను మలుపులో గుద్దింది ప్రత్యర్థి కాదు, సొంత జట్టు డ్రైవర్ శామ్ బర్డ్. రెండు జాగ్వార్ కార్లూ ఒకేసారి రేసు నుంచి తప్పుకున్నాయి. ఒకే సమస్య మీద రెండు కమిటీలు, రెండు ఫ్లెక్సీలు, ఫొటోలో ముందు నిలబడటానికి తోపులాట మనకు కొత్త కాదు కదా. అలాగే మూడో స్థానంలో గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీ, పరిమితికి మించి పవర్ వాడాడని పెనాల్టీ పడి ఎక్కడికో జారిపోయాడు. అనుమతి లేకుండా రాస్తారోకో చేస్తే ఆ రోజు పేపర్లో పడతాం, నిజమే. తర్వాత ఏడాదంతా కేసు వాయిదాలకు తిరుగుతాం, డ్రైనేజీ అలాగే పొంగుతుంది.

ఇక బ్రేకు వేసే కాలం. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టారనుకోండి. జవాబుకు 30 రోజుల గడువుంటుంది. ఆ నెలంతా ఆఫీసు గుమ్మం దగ్గర కూర్చుని మొహం మొత్తించుకోవద్దు. మీ ఉద్యోగం, పిల్లల పరీక్షలు చూసుకోండి. వాన పడ్డప్పుడల్లా తేదీతో ఫొటో తీసి పెట్టండి. ఇప్పటిదాకా సంతకం పెట్టని ఇళ్లకు సాయంత్రం వెళ్లి టీ తాగి రండి. మొదటి అప్పీలు కాగితం మాత్రం ఇప్పుడే రాసి కవరులో పెట్టుకోండి. 31వ రోజు పొద్దున దాన్ని రాయాలంటే ఎవరికీ తీరదు.