సెలవుదినము – గృహారాధనము

పాఠశాలలలో వేదశాస్త్రముల నభ్యసించువారికి పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్య అనధ్యయన దినములు. ఆ తిథులలో గురువు క్రొత్తపాఠము చెప్పడు, శిష్యుడు వల్లింపడు. ఈ నియమమును మీరి పాడ్యమినాడు కూడ చదువువాని విద్య నానాటికి కృశించునని పెద్దల మాట. సుందరకాండమున హనుమంతుడు లంకనుండి మరలివచ్చి తోడి వానరులకు సీతాదేవి స్థితిని వర్ణించునపుడు ఆమె కార్శ్యమునకు ఈ పోలికనే ఎత్తుకొనెను. రాక్షసుల చెరలోనున్న మహాతల్లి దైన్యమును చెప్పవలసిన ఘట్టమున పాఠశాల సెలవు స్మరణకు వచ్చినదన్నచో, విశ్రాంతి యనునది ఆర్షసంప్రదాయమున ఎంత గట్టిగా నాటుకొనియున్నదో గ్రహింపవచ్చును.

తిథుల ననుసరించిన ఆ సెలవులు నేడు పాఠశాలల గోడలు దాటి రావు. లోకమంతయు వారములను బట్టి నడచుచున్నది. ఆ వారమైనను మొదటినుండి ఒక్కటియే కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములు నిజాము ఏలుబడిలో నున్నంతకాలము కచ్చేరీలకు శుక్రవారము సెలవు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసిన పిదప ఆదివారము స్థిరపడినది. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగము చేయు అనేకులకు శని, ఆది వారములు రెండును విరామదినములే. శుక్రవారము రాత్రి విజయవాడ రహదారిపై బస్సులు క్రిక్కిరిసి వచ్చును. సుమారు 135 కిలోమీటర్లు ప్రయాణము చేసి కొందరు సూర్యాపేటలో దిగుదురు. మరి 45 కిలోమీటర్లు పోయి కొందరు కోదాడలో దిగుదురు. మిర్యాలగూడవారికి రైలుమార్గమును కలదు. ఏ వేళకు వచ్చినను ఇంట తల్లి మేలుకొనియే యుండును.

ఇల్లు చేరినవానికి రెండుదినముల కాలము చేతనున్నది. దీనిని శ్రీవైష్ణవ గృహస్థుడు ఎట్లు గడుపవలెను? సెలవు దొరకగనే క్షేత్రయాత్రకు బయలుదేరుట కొందరి అలవాటు. అది మంచి అలవాటే. కోదాడవారికి కృష్ణాతీరమున మట్టపల్లి లక్ష్మీనృసింహుడు చేరువలోనున్నాడు. మిర్యాలగూడవారికి మూసీ కృష్ణలో కలియుచోట వాడపల్లి నృసింహుడున్నాడు. కాని ప్రతివారము యాత్ర సాగదు. ఇంట ముసలివారుందురు, పసివారుందురు, దేహము అలసియుండును. అట్టినాడు ఇంటనే యుండి తలంటుకొని, వేడియన్నము తిని, చాపపై నడుము వాల్చి, పిల్లలతో కబుర్లు చెప్పుకొనిన గృహస్థుని మనస్సున సాయంకాలమగుసరికి ఒక ముల్లు గ్రుచ్చుకొనును. ‘నేడు దినమంతయు భోగములోనే పోయినది, భగవంతుని కొరకు ఏమియు చేయలేదు’ అని. ఈ సంకోచము భక్తినుండియే పుట్టినది కనుక దీనిని పరిహసింపరాదు. అయితే దీని వెనుక ఒక పొరపాటు కలదు. దానిని విచారించుట అవసరము.

భోగమన్న మాటను చెడ్డమాటగా వాడుట మనకు అలవాటైనది. దేవాలయమున ఆ మాటకు గల గౌరవము వేరు. స్వామికి నివేదించు ఆహారము బాలభోగము, రాజభోగము. తిరుమలలో ఏకాంతసేవయందు పానుపుపై పవ్వళించు మూర్తికి భోగ శ్రీనివాసుడనియే పేరు. అర్చకులు స్వామికి చేయు ఉపచారముల వరుసను ఒకసారి తలచుకొన్నచో విషయము తేటపడును. కూర్చుండుటకు ఆసనము, కాళ్లు కడుగుకొనుటకు నీరు, త్రాగుటకు నీరు, స్నానము, ఉదికిన వస్త్రము, చందనము, పువ్వు, ధూపము, దీపము, అన్నము, తాంబూలము; సాయంకాలము ఊయల, రాత్రి పానుపు. వీనిలో ఇంట లేని వస్తువు ఏది? రాజమందిరమునకు మాత్రమే చెల్లు వస్తువు ఏది? పనినుండి వచ్చిన మనిషిని ఆదరించు ఇల్లాలు ఏమేమి చేయునో అవియే ఉపచారములు. ఆగమము గృహసుఖములను తీసికొనిపోయి స్వామిసన్నిధిని ఉంచినది. కనుక ఇంట తలంటును, వేడియన్నమును, పానుపును దోషములుగా భావించుట, ఆ ఉపచారములను ప్రేమతో స్వీకరించు స్వామి మనస్సును తెలియకపోవుటయే యగును.

శ్రీభాష్యకారుల సిద్ధాంతమున జీవుడు శేషుడు, పరమాత్మ శేషి. శేషి ఆనందమే శేషుని ఆనందము. కనుక భోగము ఉండవలెనా వలదా యనునది ఇచ్చట ప్రశ్న కాదు. ముందు ఎవరికి, పిదప ఎవరెవరితో కలిసి యనునదియే ప్రశ్న.

శనివారమును చూతము. పురుషులకు అభ్యంగనమునకు శనివారము ప్రశస్తమని ఆచారము. ఆదివారము తగదనియు, తప్పనిసరియైనచో నూనెలో పువ్వు వేసి వాడవలెననియు ధర్మశాస్త్ర నిబంధములు చెప్పుచున్నవి. నువ్వులనూనె, సున్నిపిండి, కుంకుడుకాయలు, కాగులో నీరు. తండ్రి కుమారునికి తలంటుట, కుమారుడు తండ్రి వీపు రుద్దుట. నగరమున గదిలో ఒంటరిగా పంపు క్రింద తలతడుపుకొనువానికి ఈ సుఖము లభింపదు. అయితే ఆ నూనెనుండియే ముందుగా దీపమునకు ఒక గరిటెడు తీయుదురు. పూజామందిరమున సాలగ్రామ తిరుమంజనము ఇంటివారి భోజనమునకు ముందే జరుగును. పాంచరాత్రమున చెప్పిన పంచకాలములు – అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము – తక్కిన ఐదు దినములలో ఉద్యోగికి కుదరవు. వీనిని వేదాంతదేశికులు శ్రీపాంచరాత్రరక్షలో విపులముగా విచారించిరి. తెల్లవారి స్వామిసన్నిధికి చేరుట, పూజాద్రవ్యములు సమకూర్చుకొనుట, ఆరాధించుట, చదువుకొనుట, రాత్రి ధ్యానమున విశ్రమించుట. ఈ ఐదును సెలవునాడు ఏ హడావుడియు లేక వానంతట అవియే కుదురును. ఉదయము అంగడికి పోయి లేత బెండకాయలు, తులసి, బంతిపువ్వులు ఏరి తెచ్చుకొనుట ఉపాదానమే. బేరమాడుటలో గల ముచ్చట మాత్రము ఏ సంహితయు చెప్పలేదు.

భోజనము సంగతి కొంత వివరింపవలసియున్నది. ఈ ప్రాంతమున వేడివేడి వరియన్నము ప్రతిదినము విస్తరిలో పడుట పాతకాలపు మాట కాదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది; 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. లాల్ బహదూర్ కాలువయను ఎడమకాలువ నీరు పారినపిదపనే మిర్యాలగూడ, హుజూర్‌నగరము, కోదాడ భూములు మాగాణములైనవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరు వచ్చినది. అంతకుపూర్వము చెరువు నీరు అందని పల్లెలలో జొన్నరొట్టె, జొన్నయన్నమే ఆధారము. వరియన్నము పండుగనాటి మాట. ఆ కాలము నెరిగిన వృద్ధులు నేటికిని విస్తరిలో ఒక్క మెతుకు విడువరు. పిల్లలకు అది పిసినారితనముగా తోచును. పెద్దల దృష్టిలో ఆ మెతుకు స్వామి ప్రసాదము, కృష్ణవేణి ప్రసాదము.

శనివారము ఒక్కపొద్దు ఉండు ఇండ్లలో ఆదివారపు భోజనమునకు రుచి యెక్కువ. పప్పు, పచ్చిపులుసు, నేయి, గడ్డపెరుగు. సాయంకాలము పిండిలో నువ్వులు, నానబెట్టిన సెనగపప్పు, కరివేపాకు కలిపి గిన్నెకు అద్ది కాల్చు సర్వపిండి. దీనినే కొందరు తపాలచెక్క యందురు. ఉల్లి వేయనిదే రుచి రాదని వాదించువారు శ్రీవైష్ణవుల ఇంట ఒకసారి తిని చూడవలెను.

ఇక గోదాదేవి తిరుప్పావైకి వత్తము. రెండవ పాశురమున గోపికలు నోమునకై నేయి, పాలు, కాటుక, పూలు విడిచెదమని సంకల్పింతురు. ధనుర్మాసమున ఇంటింట అనుసంధించు ఈ ప్రబంధము అంతటితో ముగిసినచో, సుఖమును వర్జించుటయే వ్రతఫలమని చెప్పవచ్చును. కాని ఇరువదియేడవ పాశురమున విడిచినవన్నియు తిరిగి వచ్చును. ఆభరణములు, క్రొత్తవస్త్రములు, పాలలో వండిన అన్నము, మోచేతి వరకు జారు నేయి. ఇరువదియేడవనాడు కూడారై యని ఆలయములందును గృహములందును పొంగలి ఆరగింపు చేయుట దీనిని బట్టియే. విడుచుట ఎందుకు? భగవంతుడు లేని సుఖము వలదని. తిరిగి పొందుట ఎందుకు? ఆయన దొరకినాడు కనుక. అయితే ఈ పాశురమున చాలమంది నేతిని చూచి విడిచిపెట్టు మాట యొకటి కలదు. ఆ సుఖమును గోపికలు ఒక్కొక్కరుగా కోరలేదు. అందరును ఒక్కచోట కూడియుండి, మనసులు చల్లబడవలెనని కోరిరి. ఒకతె వంటింట నుండగా తక్కినవారు తినినచో అది కూడుట కాదు.

సెలవుదినపు గృహమును ఈ దృష్టితో చూచినపుడు ఒక లోపము కనబడును. దీనిని దాచి ప్రయోజనము లేదు. కుమారుడు సెలవుపై వచ్చినాడు, తండ్రి మిల్లునుండి సెలవుపై వచ్చినాడు, పిల్లలకు బడి లేదు. ఇంట అందరికిని సెలవే. వంట చేయు ఇల్లాలికి మాత్రము తక్కిన ఐదుదినముల కంటె పని రెట్టింపు. తలంటునీరు కాచునది ఆమె, పిండి కలుపునది ఆమె, వచ్చిన బంధువులకు మరియొకసారి ఎసరు పెట్టునది ఆమె. అందరును తిని ‘ఈనాడు హాయిగా గడిచినది’ అనుకొనువేళకు ఆమె పొయ్యి అలుకుచుండును. చల్లారిన అన్నమును ఒంటరిగా ఏ మూడుగంటలకో తినును. ఆమెయు ఉద్యోగము చేయునదైనచో చెప్పనక్కరలేదు.

ఇది శాస్త్రమే యని కొందరు సమర్థింతురు. ఇల్లాలు చివర తినవలెనని మనువు చెప్పినాడందురు. మనుస్మృతి మూడవ అధ్యాయమున భోజనక్రమము చెప్పబడిన మాట సత్యమే. అతిథులు, బంధువులు, భృత్యులు భుజించిన పిదప మిగిలినదానిని భుజింపవలసినవారు ఎవరు? అచ్చట గ్రంథకర్త వాడిన పదము ‘దంపతీ’. అది ద్వివచనము. క్రియాపదమును ద్వివచనమే. భార్యాభర్తలిరువురును అందరి పిదప కలిసి భుజింపవలెనని దాని యర్థము. వ్యాకరణము చదువని వాడు ద్వివచనమును ఏకవచనముగా చదివినచో క్షమింపవచ్చును. చదివినవాడును అట్లే చదువుచున్నాడు. ముందుగా తాను విస్తరి ముందు కూర్చుండి, ద్వివచనములో సగమును భార్యకు విడిచిపెట్టుచున్నాడు. అదే అధ్యాయమున క్రొత్తకోడండ్రకు, గర్భిణులకు, రోగులకు అతిథులకంటెను ముందే అన్నము పెట్టవలెనని యున్నది. ఆ మాట ఎవరికిని జ్ఞాపకము రాదు.

కావున సెలవునాడు గృహస్థుడు చేయవలసిన కైంకర్యము కొంత వంటింటనే యున్నది. దేవాలయమున మడప్పళ్లిలో స్వామికి వండువారు పురుషులే. ఆ పని అచ్చట గౌరవమై ఇంట చిన్నతనమగుటకు కారణము కనబడదు. శుచిగా స్నానము చేసి కూరలు తరిగి, పప్పు కడిగి, కొబ్బరి తురిమి యిచ్చుటకు ఏ దీక్షయు అక్కరలేదు. తిరువారాధనమైన పిదప పిల్లలకును, పెద్దలకును పెట్టి, తామిరువురును ప్రక్కప్రక్కన విస్తళ్లు వేసికొని కూర్చున్నచో, ఆ ఇంట ద్వివచనము సార్థకమగును. అన్నము చల్లారకుండునది కూడ ఒక లాభము.

మధ్యాహ్ననిద్ర విషయమున ఆయుర్వేదము సాధారణముగా అంగీకరింపకున్నను గ్రీష్మఋతువున అనుమతించినది. ఎండ 40 డిగ్రీలు దాటు సూర్యాపేట వేసవిని ఎరిగినవారికి ఆ మినహాయింపు విలువ తెలియును. గీతలో ఆరవ అధ్యాయమున స్వామి ఆహారమును, విహారమును, నిద్రను వలదనలేదు, తగినంతగా ఉండవలెననెను. నిద్రలేచిన పిదప స్వాధ్యాయకాలము. ఇంట ఒకరు చదువగా తక్కినవారు వినుట పూర్వపుటలవాటు. ఇప్పుడు నలుగురును నాలుగు ఫోనులు చూచుచు ఒక్కగదిలో కూర్చుండుచున్నారు. ఒక గంటసేపు వానిని మూసి అవ్వచేత కథ చెప్పించుకొన్నచో పిల్లలే మరల అడుగుదురు.

వాడపల్లి నృసింహుని సన్నిధిని రెండు దీపములుండును. స్వామి ముఖమునకు సమముగా నున్న దీపము ఉచ్ఛ్వాసనిశ్వాసములకు కదలుననియు, క్రింద పాదములయొద్దనున్న దీపము నిశ్చలముగా నుండుననియు భక్తులు చూచి చెప్పుదురు. ఇంట సంధ్యాదీపము ముందు కూర్చుండి ముసలితాత మనుమలకు ఈ సంగతి చెప్పినపుడు వారు ఊపిరి బిగపట్టి తమ యింటి దీపమును పరిశీలింతురు. ఆ కొద్దినిమిషములలో ఇల్లంతయు నిశ్శబ్దమగును. యోగకాలమునకు అంతకంటె మంచి ఆరంభము వేరే వెదకనక్కరలేదు.

సోమవారము తెల్లవారుజామున మొదటి బస్సు. ఆదివారము రాత్రియే తపాలచెక్కలు డబ్బాలో సర్దబడును. ఈసారి వానిని కాల్చినవాడు కుమారుడే, రెండు మాడినవి. తల్లి మాడినవానిని తనకు ఉంచుకొని మంచివానిని డబ్బాలో పెట్టబోగా, కుమారుడు అందొకటి తీసి తన విస్తరిలో వేసికొనెను.