పొగ పరీక్ష: గ్యాస్ అనలైజర్ పనితీరు

తనకల్లు రోడ్డెక్కే పాత మోపెడ్‌కైనా, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారైన కియా కారుకైనా పొగ పరీక్షకు ఆధారం ఒకటే: కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989, రూల్ 115. జరిమానా సెక్షన్: 190(2), మోటారు వాహనాల చట్టం-1988.

పీయూసీ (పొగ పరీక్ష ధ్రువపత్రం) గడువు: బీఎస్ (భారత్ స్టేజ్)-4, బీఎస్-6 బండ్లకు 12 నెలలు, అంతకు పాతవాటికి 6 నెలలు. కొత్త బండికి మొదటి ఏడాది అక్కర్లేదు.

పెట్రోల్ బండి: ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా సైలెన్సర్‌లోకి ప్రోబ్ దూర్చుతారు. తేమ, మసి వడగట్టాక వాయువు గుండా పరారుణ కాంతి పంపుతారు. కార్బన్ మోనాక్సైడ్ సుమారు 4.6 మైక్రోమీటర్లు, కార్బన్ డయాక్సైడ్ 4.26 దగ్గర కాంతిని పీల్చుకుంటాయి. కాంతి ఎంత తగ్గితే అంత గాఢత. సూత్రం: బీర్-లాంబర్ట్ నియమం. పద్ధతి పేరు ఎన్‌డీఐఆర్. మోనాక్సైడ్ శాతంలో, హైడ్రోకార్బన్లు పీపీఎంలో.

ఆక్సిజన్ పరారుణాన్ని పీల్చదు, కాబట్టి దానికి విద్యుత్ రసాయన ఘటం. నైట్రిక్ ఆక్సైడ్‌కు ప్రయోగశాలల్లో ఓజోన్‌తో కెమిల్యూమినిసెన్స్ (చర్యలో వెలువడే వెలుగును కొలవడం).

డీజిల్: స్మోక్ మీటర్. పొగ కాంతిని ఎంత అడ్డుకుందో కొలుస్తుంది, ప్రమాణం మీటరుకు.

పెట్రోల్ ఆదర్శ గాలి-ఇంధన నిష్పత్తి 14.7:1, అప్పుడు లాంబ్డా (అసలు నిష్పత్తి ÷ ఆదర్శ నిష్పత్తి) 1.

బిట్: బీఎస్-6 అమలు 2020 ఏప్రిల్ 1. వదిలేసిన దశ? బీఎస్-5.