స్వేచ్ఛ ఇస్తే పిల్లలు దూరమవుతారా?

"స్వేచ్ఛ ఇస్తే పిల్లలు చెయ్యి జారిపోతారు" అని మన పల్లెల్లో పెద్దలు అంటూంటారు. ఈ భయంలో నిజమెంతో మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశీలించారు.

స్వేచ్ఛ అంటే పిల్లల్ని వాళ్ళ మానాన వదిలెయ్యడం కాదు. 1989లో అమెరికాలో వెండీ గ్రోల్నిక్, రిచర్డ్ రయన్ తల్లిదండ్రులతో మాట్లాడి, పెంపకంలో మూడు గుణాల్ని విడదీసి చూశారు. పిల్లల్ని సొంతంగా నిర్ణయించుకోనివ్వడం ఒకటి. వాళ్ళ విషయాల్లో శ్రద్ధ చూపడం రెండోది. నియమాలు స్పష్టంగా చెప్పడం మూడోది. మొదటి గుణం బాగా ఉన్న ఇళ్ళలో పిల్లలు చదువు బాధ్యత తామే తీసుకోవడం, మార్కులు కూడా మెరుగ్గా ఉండడం కనిపించింది. అంటే స్వేచ్ఛ, శ్రద్ధ, క్రమశిక్షణ ఒకే ఇంట్లో ఇమడగలవన్న మాట.

2000లో స్వీడన్ పరిశోధకులు స్టాటిన్, కెర్ 14 ఏళ్ళ పిల్లల్ని, వాళ్ళ తల్లిదండ్రుల్ని ప్రశ్నించారు. పిల్లల సంగతులు పెద్దలకి ఎక్కువగా తెలిసేది ఆరాల వల్లో కట్టడి వల్లో కాదు, పిల్లలు తమంతట తాము వచ్చి చెప్పడం వల్లనే అని తేలింది.

మరి మన రైతు కుటుంబాల మాటేమిటి? పొలం పనికి పిల్లల చేతులు కావాలి, ముసలితనంలో వాళ్ళే ఆసరా. అందుకే అక్కడ మాట వినడం మర్యాదే కాదు, బతుకుతెరువు కూడా. టర్కీ శాస్త్రవేత్త కాయిట్‌చిబాషి ఈ సంగతి గుర్తించారు. చదువులు, ఉద్యోగాలు వచ్చాక డబ్బుకోసం ఒకరిమీద ఒకరు ఆధారపడడం తగ్గవచ్చు గాని, మమతలు తగ్గనక్కర లేదని ఆమె వాదించారు. నారు పీకి నాటాక కూడా రైతు నీళ్ళు పెట్టడం మానడు కదా!

మన ఇళ్ళలో ఒక అలవాటుంది. అప్పు సంగతి దాచిపెట్టి, "నీకెందుకు, నువ్వు చదువుకో" అంటారు. ప్రేమతోనే అంటారు. కాని పంట రాబడి, అప్పు, వడ్డీ ముందుంచి, "ఇదీ మన పరిస్థితి, ఏ కోర్సు చదువుతావో ఆలోచించుకో" అంటే, ఆ కుర్రాడు హాస్టల్ ఖర్చు లెక్క తానే రాసి చూపిస్తాడు. నమ్మకం రెండు వైపులా పెరుగుతుంది.

అయితే ఆ మాటలకి ఆడపిల్లని కూడా పిలుస్తున్నామా? అన్నకి ఏ కోర్సు అని అడిగి, చెల్లెలికి ఏ సంబంధం అని మనలో మనమే తేల్చేస్తే అది సగం స్వేచ్ఛే.

స్వేచ్ఛ అడిగే హక్కు మనకుంది. దాచకుండా ఇంట్లో చెప్పే బాధ్యత, చెల్లెలి తరఫున మాట్లాడే బాధ్యత కూడా మనదే.