ఎర్ర స్టార్ పెట్టేముందు

తెనాలి,
2026 జనవరి

చి. అమ్ములుకి,

 

మొన్న ఫోన్లో నువ్వొక మాటన్నావు. "టికెట్‌లో ఏ పని రాసుంటే అది చేసిస్తాం పెదనాన్నా, ఇందులో మా అభిప్రాయం ఎవరిక్కావాలి?" అని. ఫోన్లో తేలే సంగతి కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రభుత్వ శాఖలకి అర్జీల పోర్టల్ తయారుచేసే పని నీకు తగిలింది. నేను రిటైరయ్యేదాకా తహసీల్దారు ఆఫీసుల్లోనే చేశాను. చివరి ఏళ్ళలో సమాచార హక్కు దరఖాస్తులు నా టేబుల్ మీదికే వచ్చేవి. అందుకని నీ పని నాకు అటువైపు నుంచి తెలుసు.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చింది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో అడిగితే ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లోనే. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకి 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా. ఇవన్నీ నువ్వు చదివే ఉంటావు. నన్నడిగితే చట్టం మొత్తానికీ ఆయువుపట్టు సెక్షన్ 6(2). సమాచారం ఎందుకు కావాలో దరఖాస్తుదారు చెప్పక్కర్లేదు, జవాబు పంపడానికి కావలసినవి తప్ప సొంత వివరాలేవీ అడగకూడదు అంటుందది.

అంతకుముందు ఆఫీసులో మొదటి ప్రశ్న "నీకెందుకయ్యా?" అనే. పెన్షన్ జాబితాలో పేరెందుకు పోయిందో కనుక్కుందామని వచ్చిన ముసలమ్మ ఆ ఒక్క ప్రశ్నకే జంకి గుమ్మం దిగిపోయేది. చట్టం వచ్చాక ఆ ప్రశ్న వేసే నోళ్ళు మూతపడ్డాయి. ఇప్పుడు నీ ఫారంలో "సమాచారం కోరుటకు కారణం" అని ఒక గడి గీసి, పక్కన ఎర్ర స్టార్ పెట్టావనుకో. గడి నింపందే సబ్‌మిట్ బటన్ పనిచెయ్యదు. పార్లమెంటు తీసేసిన ప్రశ్నని మళ్ళీ నువ్వు పట్టుకొచ్చినట్టే! దానికి జీవో అక్కర్లేకపోయింది, ఎవరి సంతకమూ అక్కర్లేకపోయింది. గుమాస్తాతో అయితే గట్టిగా వాదించొచ్చు, పైవాడికి చెబుతానని బెదిరించొచ్చు. స్టార్‌తో ఎవరు వాదిస్తారు?

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అప్‌లోడ్ ఇన్ని కేబీలు దాటకూడదంటారు. వినతి ఇన్ని అక్షరాలకి మించకూడదంటారు. ఓటీపీ లేనిదే పేజీ తెరుచుకోదు, ఆ ఓటీపీ వచ్చే ఫోను కొడుకు జేబులో హైదరాబాదులో ఉంటుంది. ఒక్కొక్కటీ చూస్తే చిన్నదే. అన్నీ కలిస్తే మనిషి మళ్ళీ గుమ్మం దిగిపోతాడు.

తెలుగు సంగతి వేరే చెప్పాలి. మన ఆఫీసుల్లో, డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి అను ఫాంట్లలోనే టైపు చేశారు. తెర మీద చక్కగా కనిపిస్తుంది. ఆ పీడీఎఫ్‌లోంచి ఒక్క లైను కాపీ చేసి వాట్సాప్‌లో వేసి చూడు, ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా పడతాయి. ఆ ఫైల్లో ఉన్నవి మన అక్షరాలు కావు, వేరే గుర్తుల స్థానాల్లో కూర్చోబెట్టిన మన అక్షరాల బొమ్మలు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా అలవాటు మాత్రం పోలేదు. ఫలితం ఏమిటంటే, ఊరి పేరు కొట్టి వెతికితే ఆ ఊరి జాబితా దొరకదు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టించి, వంకరగా స్కాన్ చేసి ఎక్కిస్తారు. కాగితం మీద సమాచారం బహిరంగం, కావలసినవాడికి మాత్రం అందదు. రికార్డుల్ని వరసగా జాబితా చేసి, కంప్యూటర్లోకి ఎక్కించి, ఎవరూ అడక్కముందే జనం ముందు పెట్టమని సెక్షన్ 4 చెబుతోంది. అది సవ్యంగా జరిగితే నా టేబుల్ మీదికి వచ్చినవాటిలో చాలా దరఖాస్తులకి అవసరమే ఉండేది కాదు. ఇకమీదట ఆ సెక్షన్ అమలయ్యేది నీ సెర్చ్ బాక్సులోనే.

పైవాళ్ళే సమాచారాన్ని మూసెయ్యాలనుకుంటే నేనేం చెయ్యగలనంటావు. నిజమే. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను అందరికీ కనబడే వెబ్‌సైట్లో పెట్టడం మానేసింది. 2008 నుంచి నడుస్తున్న ఏర్పాటు అది. మళ్ళీ 2024 ఆగస్టులో తెరిచారు. మూసిందీ తెరిచిందీ ప్రభుత్వాలే, అందులో నీలాంటి పిల్లల ప్రమేయం లేదు. కానీ సైటు మారినప్పుడు పాత జీవోలు గల్లంతు కాకుండా చూడటం, శాఖ, నంబరు, తేదీల్లో ఏది కొట్టినా దొరికేలా చెయ్యడం, ఒక ఫైలు తీసేస్తే ఎవరు ఎప్పుడు తీశారో లాగ్‌లో పడేలా రాయడం నీ చేతిలో పనులే.

అలాగని అన్నీ తెరిచి పెట్టమనడం లేదు. 2018లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో లక్షమందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, కులంతో, బ్యాంకు వివరాలతో సహా బయటపడ్డాయి. ఇల్లు అడిగిన పాపానికి వాళ్ళ బతుకంతా వీధిలో పెట్టారు. ఇప్పుడు కథ ఇంకో చివరికి పోతోంది. 2023 నాటి డేటా రక్షణ చట్టం సమాచార హక్కులోని 8(1)(జె)ని మార్చింది. ఇదివరకు ప్రజాకార్యాలతో సంబంధం లేనివో, అకారణంగా గోప్యతకి భంగం కలిగించేవో అయిన సొంత సంగతుల్నే ఆపేవాళ్ళు, అప్పుడు కూడా విస్తృత ప్రజాప్రయోజనం ఉందా అని చూసేవాళ్ళు. 2025 నవంబరు నుంచి "వ్యక్తిగత సమాచారం" అంటే చాలు, ఆపొచ్చు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని 8(2) అలాగే ఉందనుకో. "ఇవ్వొచ్చు" అంటే ఇవ్వకపోవచ్చని కూడా అని ఆఫీసులో పనిచేసినవాళ్ళెవరినడిగినా చెబుతారు.

వ్యక్తిగతమే అయినా పేరు ఎందుకు బయట ఉండాలో ఉపాధి హామీ పనుల్లో చూశాం. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి సామాజిక తనిఖీలు జరిగాయి. తనిఖీ బృందం మస్టర్ (కూలీల హాజరు) కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, పేరు, పనిచేసిన రోజులు, కూలి చదివి వినిపించేది. "ఇంత నీ చేతికి వచ్చిందా?" అని అడిగేది. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ మళ్ళీ చదివేవాళ్ళు. చచ్చిపోయినవాడి పేరన కూలి పడిందనీ, ఊళ్ళో లేనివాడు కాలవ తవ్వాడనీ బయటపడేది అలాగే. పేరు వ్యక్తిగతం కదా అని మస్టర్ మీద నలుపు పూసేస్తే ఆ దొంగ ఎప్పటికీ దొరకడు. కాబట్టి నీకు నేను చెప్పే రూలు ఇది: ప్రజల డబ్బు ఎవరికి వెళ్ళింది, ఎవరి సంతకంతో వెళ్ళింది అన్నది తెరిచి ఉంచు. ఆధార్ నంబరు, వేలిముద్ర, బ్యాంకు ఖాతా, జబ్బు వివరాలు మూసి ఉంచు.

ఇక నీ ఉద్యోగం సంగతి. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023లో వారానికి 70 గంటలన్నారు, 2025 మొదట్లో ఎల్ అండ్ టి చైర్మన్ గారు 90 అన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2025 జూలైలో వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా ఒప్పుకుంటూనే, వారానికి 48 దాటితే ఓవర్‌టైం ఇవ్వాలంది. ఈ లెక్కలు నీ ఆరోగ్యం కోసమే చెప్పడం లేదు. అర్ధరాత్రి దాకా కూర్చున్నవాడు ఆలోచించడు. పాత ప్రాజెక్టులో ఫారం కాపీ కొట్టి, అందులోని స్టార్లతో సహా ఇందులో అతికిస్తాడు. ఏఐ చేత రాయించినా ఇదే జరుగుతుంది, అది చూసి నేర్చుకున్నవీ అలాంటి పాత ఫారాలే కదా. నిద్రపోయి, తెల్లారి చూసి, అప్పుడు పంపు.

అలాగని మేనేజరుతో తగువు పెట్టుకోకు, కంపెనీ గుట్టు బయటపెట్టకు. మా ఆఫీసుల్లో నోట్ ఫైల్ ఉంటుంది. కిందివాడు నిబంధన ఫలానా అని రాసి, "ఆదేశాల నిమిత్తం సమర్పించడమైనది" అని పైకి పంపుతాడు. నోటితో "ఏం కాదులే, కానిచ్చెయ్" అన్న అధికారే, ఆ వాక్యం కింద సంతకం పెట్టాల్సి వచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. నువ్వూ అంతే, ఒక్క లైను మెయిల్ పెట్టు: "ఈ గడి తప్పనిసరి చెయ్యడం 6(2)కి విరుద్ధమేమో, దయచేసి నిర్ధారించగలరు." మర్యాదగా అడిగినదానికి ఎవరూ ఉద్యోగం తియ్యరు. చాలాసార్లు స్టారే తీసేస్తారు, ఎందుకంటే అక్కడ అది కావాలని పెట్టినవాడు ఎవడూ ఉండడు. నియామక పత్రం, జీతం స్లిప్పులు మాత్రం నీ దగ్గర వేరే దాచుకో. ఊరందరి రికార్డులూ చూసే పిల్లకి తన రికార్డు తన దగ్గర లేకపోతే ఎలా?

నీ అభిప్రాయం ఎవరిక్కావాలన్నావు. నువ్వు రాసే ప్రతి గడీ ఒక అభిప్రాయమే. సోమవారం ఆఫీసుకి వెళ్ళగానే ఆ ఫారం తెరిచి, స్టార్ ఉన్నచోటల్లా ఆగి, ఇది ఏ రూలు ప్రకారం అని అడుగు. రూలు లేకపోతే తీసెయ్. తియ్యడం నీ చేతిలో లేకపోతే ఆ మెయిల్ పంపి నాకు చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న