రాయడం నేర్చుకోవడానికి ఐర్లండ్ దాకా వెళ్లాలా?

ప్రశ్న: అమెరికాలో డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, వేసవిలో సృజనాత్మక రచన కోర్సు కోసం ఐర్లండ్‌లోని ఓ చిన్న ఊరికి వెళ్తానంటోంది. ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుందా?

జవాబు: పాఠం కోసమే అయితే అక్కర్లేదు. అయోవా విశ్వవిద్యాలయంలో రచనా శిక్షణ కార్యక్రమం 1936లోనే మొదలైంది. అలాంటి కోర్సులకు అమెరికాలో కొదవ లేదు. అయితే అక్కడ సాహిత్యం చాలావరకు క్యాంపస్‌లోనే ఉంటుంది. ఐర్లండ్‌లో అది వీధిలోనూ ఉంటుంది. కెర్రీ ప్రాంతంలోని లిస్టోవెల్‌లో నాటకకర్త జాన్ బి. కీన్ పబ్ నడుపుతూనే చుట్టుపక్కల మనుషుల మాటతీరును రంగస్థలానికెక్కించారు. గాల్వేలో 1985 నుంచి కూర్ట్ సాహిత్యోత్సవం జరుగుతోంది. రచన కూడా ఊళ్లో అందరికీ తెలిసిన పనేనని గ్రహించడం కొత్త రచయితకు పెద్ద పాఠం.

కొద్ది వారాల్లో పరాయి ఊరు ఏం అర్థమవుతుంది, పైపై వర్ణనలే వస్తాయి కదా అనవచ్చు. ఐర్లండ్ గురించే రాయబోతే నిజంగానే ఆ ప్రమాదం ఉంది. కానీ దూరం వల్ల సొంత ఊరు స్పష్టంగా కనిపిస్తుంది. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ తన సొంత ఊరు డబ్లిన్ గురించిన నవల ‘యులిసిస్’ను ట్రియెస్టె, జ్యూరిక్, పారిస్‌లలో ఉంటూ రాశారు. మీ అమ్మాయి కూడా అక్కడ కూర్చుని తన ఇంటి గురించి రాయవచ్చు. స్థానిక రచయితలు బోధిస్తారా, క్రెడిట్లను ఆమె కాలేజీ లెక్కలోకి తీసుకుంటుందా అన్నవి ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. రెండింటికీ అవునని జవాబొస్తేనే ఫీజు కట్టండి.