‘మా భూమి’ చూసిన బిడ్డకు

కొత్తగూడెం

బిడ్డా,

‘ఇప్పుడు గడీలు లేవు, వెట్టి లేదు, మరి ఈ సినిమాల ఈనాటి రాజకీయం ఎక్కడ వెతకాలె పెదనాన్నా’ అని అడిగినవు. నా జవాబు అందకముందే సినిమాల దొర పక్కన ఇప్పటి నాయకుల పేర్లు వరుసగా రాసిపెట్టినవు. అవన్నీ కొట్టెయ్యి. మొఖాలు పోల్చుకుంట పోతే వచ్చే ఎన్నికలకే నీ వ్యాసం పాతబడుతది.

పాత సినిమా ఏది చూసినా మూడు సంవత్సరాలు పక్కపక్కన పెట్టుకోవాలె. కథ జరిగింది ఎప్పుడు, సినిమా తీసింది ఎప్పుడు, నువ్వు చూస్తున్నది ఎప్పుడు. మీ ఈడోళ్లందరు నడిమి దాన్ని వదిలేస్తరు. అసలు సంగతంత అక్కడనే ఉంటది. గౌతమ్ ఘోష్, బి. నర్సింగరావు కలిసి ఈ సినిమా తీసింది 1979ల. అంతకు ముందటేడే, 1978 సెప్టెంబరుల, జగిత్యాలల రైతుకూలీలు వేలల్ల కదిలిన్రు. వెట్టి వద్దన్నరు, దొరలు గుంజుకున్న భూములు కావాలన్నరు. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని సర్కారు ప్రకటించింది. అంటే నైజాం కాలపు కథ చెప్పుకుంట ఆ సినిమా తన కాలాన్నే నిలదీసింది. మన బొగ్గు బాయిలల్ల పనిచేసినోళ్లల్ల ఎంతోమంది దొరల ఊళ్లు విడిచి వచ్చినోళ్లే. సినిమాల హీరో రామయ్య పట్నం పోయిండు, వీళ్లు ఇటొచ్చి తట్టా చెమ్మస్ పట్టిన్రు. వాళ్లకు ఆ సినిమా పాతకథ ఎట్లయితది?

ఇగ చివరి భాగం మళ్లొకసారి చూడు. పోలీసు చర్య అయినంక దొర ఊరికి తిరిగొస్తడు. పంచుకున్న భూమి మళ్ల గుంజుకుంటడు. దున్నేది ఒకడు, కాయితం ఇంకొకనిది. నువ్వు పట్టుకోవాల్సింది దీన్ని. తెలంగాణ రైతాంగ పోరాటం నడుస్తున్నప్పుడే 1950 కౌలుదారీ చట్టం వచ్చింది, రక్షిత కౌలుదారు హక్కు వచ్చింది. అయినా 2018ల రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000 రూపాయలు పట్టాదారు పేరు మీదనే పడ్డయి, కౌలుకు దున్నేటోనికి పైసా రాలే. 2020ల వచ్చిన ధరణి భూరికార్డులల్ల సాగు చేసేటోని పేరు రాసే కాలమ్ కూడా లేకుండె. దొర లేకున్నా దొర ఏలినప్పటి కొట్లాట ఎట్ల మిగిలిందో ఇక్కడ కనబడుతలేదా?

మన జిల్లా గురించి నీ వ్యాసంల ఒక్క ముక్క లేదు, అది నాకు నచ్చలే. 2021 డిసెంబరుల, కోయగూడెం బ్లాకు-3ని కలుపుకొని నాలుగు బొగ్గు బ్లాకులను కేంద్రం వేలానికి పెట్టిందని సింగరేణి కార్మికులు మూడు రోజులు సమ్మె చేసిన్రు. న్యాయమైన సమ్మె. కానీ బొగ్గు ఎవరిదని అడిగినప్పుడు, ఆ బొగ్గు పైన పోడు చేసుకొని బతికే కోయోళ్ల భూమి ఎవరిదన్నది కూడా అడగాలె. యూనియన్ల తిరిగినోణ్ణి అయినా చెప్తున్న, ఓపెన్‌కాస్టు సింగరేణిదైనా ప్రైవేటుదైనా ఊరు లేచిపోవుడు ఒక్కటే.

పేర్లున్న ఆ పేజీలు తీసెయ్యి. కోయగూడెం దిక్కు పోయి, అక్కడోళ్లతోని కూసోని మాట్లాడినంకనే చివరి పేజీ రాయి. రాసి నాకు పంపు.

నీ పెదనాన్న