కరివేపాకులో దాగిన కోనిగ్
పోటీ పరీక్షల ప్రత్యేకం

జోహన్ గెర్హార్డ్ కోనిగ్ (1728–1785): బాల్టిక్ జర్మన్ వృక్షశాస్త్రవేత్త, వైద్యుడు. పుట్టిన ప్రాంతం నేటి లాట్వియాలో ఉంది. జన్మస్థలం అడిగితే జర్మనీ అని గుర్తు పెట్టి మార్కు పోగొట్టుకోవద్దు.

గురువు: స్వీడన్‌కు చెందిన కార్ల్ లిన్నేయస్, ద్వినామ నామకరణ పితామహుడు.

ఉద్యోగాలు (వరుస ముఖ్యం): 1768లో తరంగంబాడి డేనిష్ స్థావరంలో వైద్యుడు. 1774లో ఆర్కాటు నవాబు కొలువు. 1778లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త. ఆ హోదాలోనే సియాం, మలక్కా యాత్ర. సియాం అంటే నేటి థాయ్‌లాండ్.

తప్పక చదవాల్సింది: కరివేపాకు శాస్త్రీయ నామం ముర్రయా కోనిగీ. ఇప్పుడు బెర్గెరా కోనిగీ అనీ రాస్తున్నారు. రెండింటిలోనూ 'కోనిగీ' మారలేదు, ఆ మాట ఈయన పేరే. కుటుంబం రూటేసీ, అంటే నిమ్మ, మారేడు కుటుంబమే. ఈనెకు రెండు వైపులా చిన్న ఆకులుండే పిచ్ఛాకార సంయుక్త పత్రం. ఈసారి పోపులో వేసే ముందు ఒక రెబ్బ చూడండి, బొమ్మ గుర్తుండిపోతుంది.

మరణం: 1785 జూన్ 26, కాకినాడ జగన్నాథపురం. చివరి రోజుల్లో చికిత్స చేసింది వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్. కోనిగ్ రాతప్రతులు ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి.

జతపరచండి తరహాకు: కోనిగ్ తర్వాత కంపెనీ పదవిలోకి వచ్చింది పాట్రిక్ రస్సెల్. రక్తపింజరికి ఆంగ్లనామం ఈయన పేరుమీదే.